ముసలి గుఱ్ఱములు, దూరపు కానుకలు



రుషికొండ సముద్రతీరమున పిల్లలను ఎక్కించుకొని ఇసుకలో నడచు గుఱ్ఱములను చూచి సంతోషించువారు అనేకులు. కళ్లెము ఒరయు మూతిని, అరిగిన డెక్కలను వంగి చూచువారు కొద్దిమందియే. ఆ గుఱ్ఱపు వీపుమీదనే ఒక పేద ఇంటి పొయ్యి వెలుగుచున్నది గనుక యజమానుని నిందించి ఊరకుండుట న్యాయము కాదు.

వీటిని చూచినప్పుడెల్ల నాకు ఐగుప్తు దేశపు సంగతి యొకటి జ్ఞాపకమునకు వచ్చును. 1914లో ఆరంభమైన మొదటి ప్రపంచ యుద్ధములో వేలకొలది గుఱ్ఱములు ఓడలమీద అక్కడికి వెళ్లెను. మన హైదరాబాదు సంస్థానపు రౌతులును మైసూరు, జోధపూరు రౌతులతోకూడ సూయజు కాలువకు కావలిగా వెళ్లిరి. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహములు ఆ మూడు దళముల జ్ఞాపకార్థమైనవే. 1918లో యుద్ధము ముగిసిన తరువాత ఆంగ్లేయ సైన్యము తన గుఱ్ఱములలో అనేకమును అక్కడనే అమ్మివేసెను.

1930లో డొరతీ బ్రూక్ అను దొరసాని, సైన్యాధికారియైన తన భర్తతో కైరో పట్టణమునకు వచ్చెను. వీధులలో కుంటుచు బండ్లు లాగుచున్న ముసలి గుఱ్ఱములమీద సైన్యపు ముద్రలు చూచి ఆమె హృదయము చలించెను. 1931లో లండనులోని మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరము వ్రాయగా, చదివినవారు ద్రవ్యము పంపిరి. దానితో ఆమెయు సహాయకులును ఇంచుమించు 5,000 గుఱ్ఱములను వెల యిచ్చి కొనిరి. అయితే వాటిలో పెక్కు బ్రదుకు స్థితి దాటిపోయినవి. కడుపునిండ మేత, నీడ, నీళ్లు ఇచ్చి, బాధ లేకుండ వాటి ప్రాణము తీయవలసివచ్చెను. చచ్చుదానికి ఇంత వ్యయమా? బేతనియలో అత్తరు బుడ్డి పగిలిననాడును ఇట్టి ప్రశ్నయే పుట్టెను గదా!

1934లో ఆమె కైరోలో స్థాపించిన ఆస్పత్రి పేదల గుఱ్ఱములకు, గాడిదలకు ఉచితముగా వైద్యము చేసెను. 1955లో ఆమె కైరోలోనే మరణించెను. ఆ పని అనేక దేశములకు వ్యాపించి, 1992 నుండి మన దేశమందును జరుగుచున్నది. ఇటుక బట్టీలలో బరువులు లాగు పశువులే వారి ముఖ్య రోగులు.

మా సంఘములో ఒక పెద్ద నన్ను అడిగెను: “అయ్యగారూ, మనుష్యులకే గంజి లేని కాలములో దూరదేశపు గాడిదకు కానుకా?” మంచి ప్రశ్నయే. నేను మన చరిత్రనే ఎత్తితిని. 1805లో క్రాన్, దె గ్రాంజెస్ అను లండన్ మిషనరీలు విశాఖపట్టణములో దిగినప్పుడు, వారిని పంపిన కానుకలు మనలను ఎన్నడును చూడనివారివి. అంతేగాక నిర్గమకాండము 23:5 చదివితిని. బరువుక్రింద కూలిన గాడిద మనలను ద్వేషించువానిదైనను విడిచి పోరాదని అక్కడ ఉన్నది. అది ఎవరిది, ఏ ఊరిది అను విచారణ అందులో లేదు. గాడిద లేచినయెడల దాని యజమానుని పిల్లలకును గంజి దొరకును.

మన చాకిరేవుల గాడిదలును తరిగిపోవుచున్నవి. దేశమంతట 2012లో సుమారు 3,20,000 ఉండగా, 2019 పశుగణనములో సుమారు 1,20,000 మాత్రమే లెక్కకు వచ్చెను.

ఈ కోత పండుగకు మేము ఒక పెట్టె వేరుగా ఉంచుచున్నాము. ఆ పెద్ద ఇంకను పూర్తిగా సమ్మతింపలేదు. అయినను పెట్టెకు తాళము ఆయనే తెచ్చియిచ్చెను.