స్టీవెనేజ్ నూతన పట్టణ వ్యతిరేకోద్యమం

స్టీవెనేజ్ నూతన పట్టణ వ్యతిరేకోద్యమం 1946-47 సంవత్సరాలలో ఇంగ్లాండులోని హార్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి చెందిన స్టీవెనేజ్ నివాసులు తమ ఊరి చుట్టూ ఉన్న పొలాలలో ప్రభుత్వం తలపెట్టిన భారీ గృహనిర్మాణ పథకానికి వ్యతిరేకంగా సాగించిన ఆందోళన. ఉద్యమం ఓడిపోయింది. అయితే దాని ఫలితంగా వెలువడిన న్యాయస్థాన తీర్పును పరిపాలనా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతున్నారు.

నేపథ్యం

స్టీవెనేజ్ లండన్‌కు ఉత్తరంగా దాదాపు 50 కి.మీ. దూరంలో, ప్రధాన రహదారిపైన, రైలు మార్గంపైన ఉన్న చిన్న పట్టణం. 1946 నాటికి జనాభా 6,000 పైచిలుకు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుదాడుల వలన లండన్‌లో వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. మిగిలిన పేటలలో ఒకటి రెండు గదులలోనే కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. నగరం వెలుపల కొత్త పట్టణాలు కట్టి కొంత జనాభాను అక్కడికి తరలించాలని పాట్రిక్ అబర్‌క్రోంబీ 1944లో రూపొందించిన మహాలండన్ ప్రణాళిక సూచించింది. స్టీవెనేజ్‌ను 60,000 మంది నివసించే పట్టణంగా విస్తరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇందుకు సుమారు 6,000 ఎకరాలు అవసరమయ్యాయి. అందులో అధికభాగం సాగుభూమి.

టౌన్‌హాలు సభ

పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ మంత్రి లూయిస్ సిల్కిన్ 1946 మే 6న ప్రజలకు పథకాన్ని వివరించడానికి స్వయంగా వచ్చాడు. హాలు నిండిపోగా మిగిలినవారు వెలుపల లౌడ్‌స్పీకర్ల ద్వారా ప్రసంగం విన్నారు. నియంత అంటూ కేకలు వేశారు. ఎంత గేలిచేసినా ప్రయోజనం లేదని, ఈ పని జరిగి తీరుతుందని ఆయన బదులిచ్చాడు. సభ ముగిసేసరికి ఆయన కారు టైర్లలో గాలి లేదు. నూతన పట్టణాల చట్టం అప్పటికింకా పార్లమెంటులో బిల్లు రూపంలోనే ఉంది. మంత్రి నోటి నుండి వెలువడిన ఆ మాటే తరువాత న్యాయస్థానంలో ఫిర్యాదుదారులకు ప్రధానాధారమయింది.

చట్టం ఆగస్టులో అమలులోకి వచ్చింది. అక్టోబరులో బహిరంగ విచారణ జరిగింది. నవంబరు 11న స్టీవెనేజ్‌ను దేశంలో మొట్టమొదటి నూతన పట్టణంగా ప్రకటించారు. డిసెంబరులో ఎవరో రైల్వేస్టేషను పేరుపలకలను మార్చి, సోవియట్ నగరాల పేర్ల ఫక్కీలో "సిల్కిన్‌గ్రాడ్" అన్న పేరు తగిలించారు.

ఫార్‌స్టర్ అభిప్రాయం

నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1883 నుండి 1893 వరకు బాల్యాన్ని స్టీవెనేజ్ సమీపంలోని రూక్స్ నెస్ట్ అనే ఇంట గడిపాడు. 'హోవార్డ్స్ ఎండ్' (1910) నవలలోని ఇంటికి అదే మూలం. ఆయన 1946లో చేసిన ఒక రేడియో ప్రసంగంలో ఈ వివాదాన్ని ప్రస్తావించాడు. ఇరుకు గదులలో పిల్లలను పెంచుకుంటున్న లండన్ మిత్రులకు ఇళ్ళు కావాలనీ, అయినా ఈ పల్లెసీమ నాశనం తనకు తీరని నష్టమనీ, ఈ రెండింటికీ సమన్వయం తనకు దొరకడం లేదనీ ఒప్పుకున్నాడు. ఇరుపక్షాల వాదోపవాదాలలో ఇంత నిజాయితీ కలిగిన మాట మరొకటి కనిపించదు.

న్యాయపోరాటం

మంత్రి ముందే నిర్ణయానికి వచ్చి విచారణను తంతుగా ముగించాడన్నది నివాసుల ఆరోపణ. 1947 ఫిబ్రవరిలో హైకోర్టు వారి వాదనను అంగీకరించి ఉత్తర్వును కొట్టివేసింది. అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగవేసింది. జూలైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ మంత్రి పక్షాన తుదితీర్పు ఇచ్చింది. మంత్రి చేసినది న్యాయనిర్ణయం కాదు, పరిపాలనా కార్యం. కనుక న్యాయమూర్తికి వర్తించే పక్షపాత సూత్రం ఆయనకు వర్తించదు, అభ్యంతరాలను, విచారణ నివేదికను నిజంగా పరిశీలిస్తే చాలు అన్నది తీర్పు సారాంశం. దీనిని ఫ్రాంక్లిన్ కేసు అంటారు.

భారతదేశంలో ఇటువంటి ప్రశ్నే ఆంధ్రప్రదేశ్‌లో బస్సు మార్గాల జాతీయకరణ సందర్భంగా తలెత్తింది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో (1959) సుప్రీంకోర్టు భిన్నమైన వైఖరి తీసుకుంది. అభ్యంతరాలను రవాణాశాఖ కార్యదర్శి విని, నిర్ణయం ముఖ్యమంత్రి చేయడం సహజన్యాయానికి విరుద్ధమని జస్టిస్ కోకా సుబ్బారావు అధికసంఖ్యాకుల తీర్పులో పేర్కొన్నాడు.

తరువాతి పరిణామాలు

కొత్త పట్టణంలో వాహనాలు ప్రవేశించని వర్తక కేంద్రాన్ని 1959లో రెండవ ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. 2021 జనగణన ప్రకారం పట్టణ జనాభా సుమారు 89,500.

పట్టణానికి ఉత్తరాన రూక్స్ నెస్ట్ చుట్టూ మిగిలిన పొలాలకు "ఫార్‌స్టర్ సీమ" అనే పేరు స్థిరపడింది. వీటి రక్షణకై 1989లో ఒక సంఘం ఏర్పడింది. 2019లో ఆమోదం పొందిన స్థానిక ప్రణాళికలో ఆ ప్రాంతంలో 800 ఇళ్ళకు స్థలం కేటాయించి, కొంత భూమిని హరితవలయం నుండి తొలగించారు. మరికొంత భాగాన్ని ప్రజల ఉద్యానవనంగా ఉంచాలని నిర్ణయించారు. సంఘం అభ్యంతరాలు కొనసాగినా ఇళ్ళ నిర్మాణానికి అనుమతి లభించింది. ఈసారి ప్రతిపాదన లండన్ నుండి వచ్చినది కాదు, స్టీవెనేజ్ పురపాలక మండలి చేసినదే.