లేచిపోవడానికి ఒక పథకం

తెలుగులో 'లేచిపోవడం' అన్న మాటకి కర్త దాదాపు ఎప్పుడూ ఆడదే. ఇద్దరూ కలిసే ఊరు దాటినా "ఫలానా వాళ్ళమ్మాయి లేచిపోయింది" అంటారు. అబ్బాయి గురించి చెప్పాల్సి వస్తే "లేవదీసుకుపోయాడు" అంటారు. మొదటి మాటలో ఆమె తప్పు చేసింది, రెండో మాటలో ఆమె వస్తువు అయింది. ఆమె కూర్చుని ఆలోచించుకుని, దారిఖర్చు లెక్కేసుకుని, రోజు చూసుకుని వెళ్ళి ఉంటుందన్న ఊహకి ఈ రెంటిలోనూ చోటు లేదు.

ఒంగోలులో నాకు తెలిసిన ఒక యువ అధ్యాపకురాలు డిసెంబర్‌లో ఉదయపూర్ వెళ్ళి పెళ్ళి చేసుకోబోతోంది. సరస్సు ఒడ్డున పాత హవేలీ, చలి, పదిమంది మనుషులు, ఒక ఫోటోగ్రాఫర్. "మేం లేచిపోతున్నామండీ!" అని నవ్వుతూ చెప్పింది. రెండు వైపులా పెద్దవాళ్ళ అనుమతి ఉంది, టికెట్లు వాళ్ళే కొన్నారు. వెయ్యిమందికి విస్తళ్ళు వేసి పొలం తాకట్టు పెట్టే మా ప్రాంతపు పెళ్ళిళ్ళ కంటే ఇది నయమే, సందేహం లేదు. కానీ ఆ మాట ఇంత తేలిగ్గా, ఇంత ముచ్చటగా మారడానికి ముందు దానికున్న చరిత్ర ఏమిటని నాకు ఆలోచన పట్టుకుంది.

మన సాహిత్యంలో లేచిపోవడానికి అందరికంటే పకడ్బందీగా పథకం వేసింది రుక్మిణి. అన్న రుక్మి ఆమెని శిశుపాలుడికిచ్చి చెయ్యాలని నిశ్చయించాడు. ఆమె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత ద్వారకకి కబురు పంపింది. అందులో ప్రేమ ఎంత ఉందో వ్యూహం అంత ఉంది. 'అంతఃపురంలో ఉన్నదాన్ని నీ వాళ్ళని చంపకుండా ఎలా తీసుకురాను?' అని కృష్ణుడు అడగబోయే ప్రశ్నని తనే ఊహించి జవాబు చెప్పింది. పెళ్ళికి ముందు కూతుర్ని ఊరి బయట గౌరి గుడికి పంపే ఆచారం ఉంది, అక్కడికి రా అంది. స్థలం, సమయం, అడ్డొచ్చే సైన్యం సంగతి, అన్నీ ఆమె చెప్పినవే. పోతన భాగవతంలోని ఈ ఘట్టాన్ని మన ఇళ్ళలో పెళ్ళికాని ఆడపిల్లల చేత పారాయణ చేయిస్తారు, త్వరగా సంబంధం కుదరాలని! అన్న కుదిర్చిన సంబంధాన్ని ధిక్కరించిన పిల్ల కథని, నాన్న కుదిర్చే సంబంధం కోసం చదివించడం ఎంత గడుసుతనమో చూడండి.

పురాణం వదిలి చరిత్రలోకొస్తే, తెలుగు నేల మీద రహస్యంగా, కొద్దిమంది మధ్య, చలికాలంలో, ప్రాచీన నగరంలో జరిగిన అతి ప్రసిద్ధమైన పెళ్ళి 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో జరిగింది. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు, గోదావరి ఒడ్డు, మార్గశిర మాసం. వర్ణించడానికి కావలసినవన్నీ ఉన్నాయి. పెళ్ళి కందుకూరి వీరేశలింగం ఇంట్లో. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ అనే బాలవితంతువు.

వితంతు వివాహం చట్టబద్ధమై అప్పటికి పాతికేళ్ళు. 1856 చట్టం కాగితం మీద ఉంది, చేసుకునే ధైర్యమున్న మనుషులు లేరు. 1879 నుంచీ వీరేశలింగం ఉపన్యాసాలిస్తుంటే పండితులు ఖండనలు రాస్తున్నారు. మాటలతో పని అయ్యేది కాదని తేలాక పథకం మొదలైంది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చాడు. పిల్లని కృష్ణా జిల్లా నుంచి గుట్టుగా రాజమండ్రి చేర్చారు. ఆ ఊరికి అప్పటికింకా రైలు రాలేదు. కాలువల మీద పడవలు, ఎడ్లబళ్ళు, దారి పొడుగునా 'ఎవరమ్మా, ఎక్కడికి?' అని అడిగే మనుషులు. పెళ్ళిరోజున గొడవలు జరక్కుండా పోలీసుల్ని పెట్టారు, వీరేశలింగం శిష్యులైన విద్యార్థులు కాపలా కాశారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి వెలి తప్పదు కనుక, వస్తామన్నవాళ్ళలో కొందరు ఆఖరి నిమిషంలో ముఖం చాటేశారు. అయినా నాలుగు రోజులకే, 15న, రెండో పెళ్ళి కూడా జరిపించారు.

ఈ కథని మనం బడిలో ఒక మగవాడి సాహసంగా చదువుకున్నాం. సాహసమే, కాదనను. కానీ వెలి అంటే ఏమిటో రోజూ అనుభవించింది వంటిల్లు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చుకుని పెళ్ళివంట చేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, 1910లో చనిపోయేదాకా, ఆ ఇంటికి చేరిన ఆడపిల్లలకి ఆమే తల్లి. సంస్కరణ చరిత్రలో ఉపన్యాసాలకి తేదీలున్నాయి, ఆ బిందెలకి లెక్క లేదు.

ఇక గౌరమ్మ. రాజమండ్రి పథకంలో అందరి పాత్రా మనకి తెలుసు, డబ్బిచ్చిన వాళ్ళు, కాపలా కాసిన వాళ్ళు, తిట్టిన వాళ్ళు. ఎవరి కోసం ఇదంతా జరిగిందో ఆమె మాట మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా వినపడదు. మొదటిసారి ఆమెకి పెళ్ళి చేసినప్పుడు ఎవరూ అడగలేదు. రెండోసారి ఆమె మంచి కోరేవాళ్ళు చేశారు. రెండూ ఒకటే అని నేననను. తలచెడిన బతుకు నుంచి బయటికి రావడం చిన్న విషయం కాదు. కానీ విముక్తి కూడా ఆమెకి ఎవరో మోసుకొచ్చి ఇచ్చినదే అయింది.

ఈ లోపాన్ని అందరికంటే ముందు పసిగట్టింది గురజాడ అనుకుంటాను. 'కన్యాశుల్కం' మొదట ఆడింది 1892లో, మనం చదివే రూపం వచ్చింది 1909లో. అందులో గిరీశం బుచ్చమ్మకి వితంతు వివాహం గురించి చెప్పే కబుర్లు రాజమండ్రి ఉపన్యాసాల చవకబారు నకలు. చెల్లెలి పెళ్ళికి తరలివెళ్ళే బళ్ళ హడావుడిలో ఆమెని దారి మళ్ళిస్తాడు. పథకం అతనిది, నమ్మకం ఆమెది. చివర సౌజన్యారావు బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతానంటాడు. ప్రేక్షకులు గిరీశం "డామిట్" దగ్గర నవ్వుకుని లేస్తారు. పూనాకి బయల్దేరే బుచ్చమ్మ ఏమనుకుందో అడిగేవాళ్ళు తక్కువ. నాకైతే నాటకంలో తెరుచుకున్న తలుపు అదొక్కటే అనిపిస్తుంది. చదువుకి పోతోంది, మొగుడి దగ్గరికి కాదు.

ఇప్పుడు చట్టం ఉంది, వయసు పరిమితి ఉంది. ఇద్దరూ హిందువులైతే పెద్ద చిక్కు లేదు, గుడిలో తాళి కట్టించుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. మతాలు వేరై, ఎవరి మతం వాళ్ళు ఉంచుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం దిక్కు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్ఫై రోజులు ఉండాలి. నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటించాక అభ్యంతరాల కోసం మరో ముప్ఫై రోజులు ఆగాలి. అన్నిటికంటే భయంకరమైనది ఇంకొకటుంది. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు ప్రతి అక్కడికీ వెళ్తుంది. ఒంగోలు నుంచి పారిపోయి హైదరాబాదులో దరఖాస్తు పెడితే, పిల్ల పేరు, చిరునామా తిరిగొచ్చి ఒంగోలు గోడ మీద కూర్చుంటాయి. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఈ ప్రకటన జంట ఇష్టం మీద ఆధారపడాలంది, చట్టంలో అక్షరం మాత్రం మారలేదు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్‌లో, గర్భిణి అయిన భార్య కళ్ళముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. చిరునామా తెలియడం అంటే ఏమిటో మనకి వేరే చెప్పనక్కర్లేదు.

కిందటి చలికాలం మిరప కోతలప్పుడు నా పాత విద్యార్థిని ఒకామె ఇంటికొచ్చింది. వాళ్ళ నాన్నది మిర్చి సాగు, అబ్బాయిది వేరే మతం. నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంది. హైదరాబాదులో స్నేహితురాలి గది, నెల అద్దె, ఉద్యోగానికి సెలవు దొరికే రోజులు, సర్టిఫికెట్లు ముందుగా ఎవరి దగ్గర దాచాలో, వాళ్ళ అమ్మకి ఎప్పుడు, ఎవరి ఫోన్ నుంచి చెప్పాలో. సరస్సు లేదు, హవేలీ లేదు. అబ్బాయిని కూడా సంప్రదించావా అని అడిగితే, "వాడికి రాత్రి చెప్తాను మేడమ్, ముందు లెక్కలు తేలనీండి" అంది. చట్ట ప్రకారం ముగ్గురు సాక్షులు కావాలి, ఇద్దరు దొరికారట. నా ఆధార్ నకలు తీసుకుని, పుస్తకంలో మూడో సాక్షి పేరుకి ఎదురుగా టిక్కు పెట్టుకుని, ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని లేచింది.