ప్రాణహిత తీరమందలి శిలలు – పరారుణ కాంతి

గోదావరీ ప్రాణహితల సంగమ సమీపమున, కాళేశ్వరమునకు ఆవలి గట్టున సిరొంచ యున్నది. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమ గట్టునందలి ఈ తాలూకాను ఆంగ్లేయుల కప్పగించెను. 1960లో ఇది మహారాష్ట్రమున చేరెను. 1982 నుండి గడ్చిరోలి జిల్లాలో నున్నది. ఏలికలు మారినను ఇంటి భాషగా తెలుగు నిలిచినది. ఆ భాష మాటలాడువారి కాలిక్రింది రాళ్ల చరిత్రయు తెలుగునాటితో ముడివడియే యున్నది.

సిరొంచ తాలూకాలోని కోట గ్రామము పేరనే అచటి సున్నపురాతి పొరలకు ‘కోట శిలాశ్రేణి’ యను పేరు వచ్చెను. అందు శిలాజ మత్స్యములు 19వ శతాబ్ది మధ్యముననే దొరకినవి. ఆ శ్రేణియందే పోచంపల్లి చెంత లభించిన మహాకాయపు బల్లి అస్థులకు 1975లో ‘బరపాసారస్ టాగోరై’ యని నామకరణ మొనర్చిరి. అహేరి, ముల్చేరల సరసనున్న ఏటపల్లి తాలూకాలో సూర్జాగఢ్ కొండ యున్నది. దానిది హెమటైట్ అను ఇనుప ధాతువు.

హెమటైట్‌ను ఎఱుపును బట్టి కన్ను గుర్తించును. కాని తెల్లని సున్నపురాతిని, తెల్లని పలుగురాతిని చూపుతో వేరుచేయుట కష్టము. ఆమ్లపు బొట్టు వేసిన సున్నపురాయి పొంగును, పలుగురాయి పొంగదు. రాతిని తాకకయే ఆ భేదమును చెప్పగల సాధనము కంటికి కనబడని కాంతి.

1800లో విలియం హెర్షెల్ పట్టకము వెదజల్లిన రంగులలో ఎఱుపునకు ఆవల ఉష్ణమాపకము నుంచగా పాదరసము పైకెక్కెను. ఆ కిరణములనే మనము పరారుణము లందుము. మరాఠీ పాఠ్యగ్రంథములలో ‘అవరక్త’ యని యుండును. ఒకటి ఎఱుపునకు ఆవల, ఒకటి ఎఱుపునకు దిగువ. తరంగదైర్ఘ్యమును చూచిన మన మాట, పౌనఃపున్యమును చూచిన వారి మాట సరిపోవును. రెండు భాషల నడుమ చదువు సిరొంచ బాలునికి ఈ రెండు మాటలును తెలియవలసినవే.

1897లో రూబెన్స్, నికొల్స్ పలుగురాయి సుమారు 9 మైక్రానుల వద్ద పరారుణమును లోహమువలె పరావర్తనము చేయుట గమనించిరి. లోహముల తీరు వేరు. 1903లో హాగెన్, రూబెన్స్ తేల్చిన దేమనగా, దీర్ఘ తరంగములయెడ లోహపు మెఱుపు దాని విద్యుద్వాహకత్వము ననుసరించును. మెఱుగుపెట్టిన ఇనుము పరారుణములో పోనుపోను అద్దమగును. అదే ఇనుము హెమటైట్‌గా నున్నప్పుడు 0.86 మైక్రాను ప్రాంతమున కాంతిని మ్రింగును. ప్రాణవాయువుతో కూడి ధాతువైన ఇనుములో ఎలక్ట్రానులకు స్వేచ్ఛ లేకపోవుటయే దీనికి మూలము.

ఖనిజము ఏ కంపనముతో పరారుణమును గ్రహించునో గణించు మార్గమును వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సూరి భగవంతము, టి. వెంకటరాయుడు 1939లో ప్రకటించిరి. స్ఫటికపు సౌష్ఠవమునుండియే ఆ లెక్క తీయవచ్చును. సున్నపురాతియందలి కాల్సైట్‌నే చూతము. దాని మూలకోష్ఠమున పది పరమాణువులుండును. అందలి కంపనములలో పరారుణమును గ్రహించు పౌనఃపున్యములు ఎనిమిది, రామన్ ఫలితమున కనబడునవి ఐదు. ఒకదానిలో కనబడినది రెండవదానిలో కనబడదు. కాల్సైట్‌కు సౌష్ఠవకేంద్ర ముండుటయే కారణము. కోట రాయి గుర్తును చదువు వ్యాకరణము ఇద్దరు తెలుగువారి చేతిమీదుగా వెలసినదనుట ఈ ప్రాంతీయులకు తెలిసినంత తక్కువగా మరెవ్వరికిని తెలియకుండుట విచారకరము.

1982లో ఎగిరిన లాండ్‌శాట్ ఉపగ్రహము 2.2 మైక్రానుల చెంత బంకమన్నును గుర్తించు పట్టీని మోసికొనిపోయెను. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఎగిరెను, దాని చిత్రములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ అందించెను. అయినను ఆకు సమీప పరారుణమును బలముగా పరావర్తనము చేయును. కావున సూర్జాగఢ్‌ను పైనుండి చూచు ఉపగ్రహమునకు మొదట కనబడునది ఇనుము కాదు, అడవి. ఆ కొండపై మాడియా గోండులు ఠాకూర్‌దేవుని కొలుతురు, ఏటేట జాతర చేయుదురు. ఇటీవలి సంవత్సరములలో అచట ధాతువు త్రవ్వుచున్నారు. చెట్లు తొలగి ఎఱ్ఱనేల బయటపడిన మేరనే 0.86 మైక్రాను ప్రాంతపు శోషణ చిహ్నము ఆకాశమునకు స్పష్టముగా తెలియును.