ఇరవై ఒకటో సూత్రం

పార్టీ బతికి ఉంటే 2019లో వజ్రోత్సవం జరుపుకొనేది. వేదిక మీద శాలువాలు, వెనకాల గుడ్డమీద పెద్ద నక్షత్రం, సావనీరు నిండా పాత అధ్యక్షుల ఫొటోలు. అవేవీ జరగలేదు. 1959లో మద్రాసులో పుట్టిన స్వతంత్ర పార్టీ 1974లో ఇంకో పార్టీలో కలిసిపోయింది. పట్టుమని పదిహేనేళ్లు. తెలుగునాట ఆ నక్షత్రం గుర్తుకు ఓటేసినవాళ్లు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలి ఉంటారు. అయినా ఈ సంచికలో దానికి చోటు ఇవ్వడానికి నాకు రెండు కారణాలున్నాయి. దాని తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఆచార్య రంగా. రెండోది, తన సభ్యుల నోరు కట్టెయ్యకూడదని తన మూలసూత్రాల్లోనే రాసుకున్న పార్టీ అది. అలాంటిది ఇంకొకటి నాకు కనబడలేదు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించింది. రైతులు తమ చేలను ఒకచోట కలిపి సాగు చెయ్యాలి, పండినదాంట్లో భూమికీ పనికీ వాటాలు పంచుకోవాలి. రంగా అప్పటికి కాంగ్రెసు ఎంపీ. సొంత చేను సొంత గట్టు అన్నది రైతుకు ప్రాణం అని పాతికేళ్లుగా చెబుతూ వచ్చిన మనిషి. రైతుల కోసం నిడుబ్రోలులో విద్యాలయం పెట్టి వాళ్లకు రాజకీయం నేర్పినవాడు. ఆ తీర్మానాన్ని మింగలేక బయటికొచ్చారు. ఎనభయ్యేళ్ల రాజాజీ అప్పటికే పర్మిట్ - లైసెన్సు - కోటా రాజ్యం అని పేరుపెట్టి సర్కారును ఏకిపారేస్తున్నారు. బొంబాయి నుంచి మినూ మసానీ వచ్చి కలిశారు. జూన్ 4న మద్రాసులో ప్రకటన, ఆగస్టులో బొంబాయిలో సన్నాహక సభ. అధ్యక్షుడు రంగా, ప్రధాన కార్యదర్శి మసానీ. రాజాజీ ఏ పదవీ తీసుకోలేదు, అవసరమూ లేకపోయింది.

జమీందార్ల పార్టీ అని నెహ్రూ ఎద్దేవా చేశారు. కొంత నిజమే, తర్వాత రాజులూ రాణులూ బాగానే చేరారు. కానీ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నది వెంకటగిరి జమీందారీ రైతుల కోసం పోరాడిన మనిషి. సంస్థానాలను దేశంలో కలపడంలో పటేలుకు కుడిభుజంగా నిలిచిన వి.పి. మీనన్ కూడా ఇందులోనే చేరారు. ఆయన సంతకాలు పెట్టించిన రాజవంశాలవాళ్లు అదే పార్టీ టిక్కెట్టు మీద పోటీ చేశారు. ఎవరెవరిని చూసి ఎలా నవ్వుకునేవారో!

ఇక ఆ సూత్రం దగ్గరికొస్తాను. పార్టీ మొత్తం 21 మూలసూత్రాలు ప్రకటించింది. వ్యక్తి స్వేచ్ఛ, రైతు భూమి హక్కు, పరిశ్రమల్లో సర్కారు జోక్యం తగ్గడం, ఇలా సాగుతాయి అవి. చదివితే పెద్దగా ఆశ్చర్యం కలగదు. ఆగి చదవాల్సింది చిట్టచివరిది. ఈ మూలసూత్రాల పరిధిలోకి రాని ఏ విషయంలోనైనా సభ్యుడు తన అభిప్రాయం తాను చెప్పుకోవచ్చునన్నది దాని సారం. అధిష్ఠానం అనుకున్నదే అందరి నోటా పలకాలి అన్న కాంగ్రెసు, కమ్యూనిస్టు పద్ధతులు చూసి విసిగిన పెద్దలు రాసుకున్న వాక్యమది.

దాని ఫలితం మన ఆంధ్రలోనే బాగా కనిపిస్తుంది. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చినవాడు రాజాజీ. గౌతు లచ్చన్న పేరు నిలిచిందే కల్లుగీత కార్మికుల ఉద్యమంతో. మద్యనిషేధం గొడవ మీదే 1954లో ప్రకాశం మంత్రివర్గం కూలింది. నిషేధమే ధర్మమన్న పెద్దాయనా, గీత కత్తి పట్టినవాళ్ల తరఫున నిలబడిన లచ్చన్నా ఒకే పార్టీలో, ఒకరినొకరు మార్చాలని చూడకుండా ఇమిడిపోయారు. మరో పార్టీలో అయితే ఎవరో ఒకరు క్షమాపణ పత్రం రాయాల్సి వచ్చేది. నిబంధన అంటే సభ్యుణ్ణి కట్టిపడేసే తాడు అనుకునే మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

అయితే తాడు లేకపోతే మోపు నిలవదు కూడా. స్వతంత్ర పార్టీకి గ్రామం నుంచి పైకి కట్టుకొచ్చిన సంస్థ అంటూ లేదు. ఎక్కడికక్కడ అప్పటికే ఉన్న బలగాన్ని తెచ్చి కలుపుకొంది. ఒరిస్సాలో గణతంత్ర పరిషత్తు మొత్తంగా వచ్చి కలిసింది. బీహారులో రామ్‌గఢ్ రాజా తన పార్టీతో వచ్చారు. 1962లో అక్కడ 50 శాసనసభ స్థానాలు దక్కాయి. ఆ తర్వాత రాజావారికి కోపం వచ్చింది, వెళ్లిపోయారు. ఆయన వెంట బీహారు శాఖా పోయింది. ఆంధ్రలో ఆ బలగం రంగా, లచ్చన్నల పాత కృషికార్ లోక్ పార్టీ మనుషులే. శాసనసభలో 1962లో 19 స్థానాలు, 1967లో 29. రంగా మాత్రం 1962లో తెనాలిలో ఓడి, అదే ఏడాది ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1967లో శ్రీకాకుళం. ఒక్క నాయకుడు ఆంధ్రదేశాన్ని ఒక చివరి నుంచి మరో చివరి దాకా వెతుక్కోవాల్సి వచ్చిందంటే, కింద శాఖల బలం ఎంతో ఊహించుకోవచ్చు.

సభ్యులందరినీ ఒక్క గొంతు చేసిన సందర్భం 17వ రాజ్యాంగ సవరణ. రైత్వారీ పొలాలను కూడా జమీందారీ ఎస్టేట్ల లెక్కలోకి తెచ్చే ఆ బిల్లు 1964లో వచ్చింది. ఇది మూలసూత్రాల పరిధిలోకి వచ్చే విషయం. ఇక్కడ ఎవరిష్టం వారిది అనే వెసులుబాటు లేదు. రంగా పార్లమెంటులోనూ బయటా ఆ బిల్లు మీద విరుచుకుపడ్డారు. బిల్లు ఆగలేదు గానీ, నక్షత్రం గుర్తు రైతుదన్న మాట మన కృష్ణా, గుంటూరు మెరకల్లో నాటుకున్నది అప్పుడేనని నా అభిప్రాయం.

1962 లోక్‌సభలో 18 మంది ఉన్నవాళ్లు 1967లో 44 అయ్యారు. కాంగ్రెసు తర్వాత సభలో పెద్ద పార్టీ ఇదే. ఒరిస్సాలో ఏకంగా ముఖ్యమంత్రి పీఠం దక్కింది. అక్కడితో ఎక్కడం ముగిసింది. 1971లో కాంగ్రెసు చీలికవర్గంతోనూ, జనసంఘంతోనూ, సోషలిస్టులతోనూ చేతులు కలిపి మహాకూటమి అన్నారు. సోషలిస్టులతో! చేతికొచ్చినవి 8 స్థానాలు. రంగా శ్రీకాకుళంలో ఓడారు. అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న మసానీ తప్పుకున్నారు. రంగా మళ్లీ కాంగ్రెసు గూటికి చేరి, తర్వాత గుంటూరు నుంచి మూడుసార్లు ఆ పార్టీ ఎంపీగానే గెలిచారు. లచ్చన్న జనతా దారి పట్టారు. 1972 డిసెంబరులో రాజాజీ కన్నుమూశారు.

1974లో పీలూ మోడీ నాయకత్వంలో మిగిలినవాళ్లు భారతీయ లోక్‌దళ్‌లో కలిశారు. ఆ పార్టీ పెద్ద చరణ్‌సింగ్. 1959లో నాగపూరు సభలోనే లేచి ఉమ్మడి వ్యవసాయం కుదరదని వాదించినవాడు ఆయనే. అప్పట్లో ఆయన కాంగ్రెసులోనే ఉండిపోయారు. పదిహేనేళ్ల తర్వాత, అప్పుడు బయటికొచ్చినవాళ్ల పార్టీ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మసానీకి ఈ విలీనం నచ్చలేదు, బొంబాయిలో కొద్దిమంది ఒప్పుకోలేదు.

ఆ కొద్దిమంది వల్లే ఈ కథకు ఒక తోక మిగిలింది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29-ఏ సెక్షను చేరింది. పార్టీ రిజిస్ట్రేషను కావాలంటే దాని నిబంధనావళిలో రాజ్యాంగం పట్ల విధేయతతో పాటు సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడి ఉంటామన్న వాక్యం తప్పనిసరి. పార్టీ కేంద్ర కార్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఎస్.వి. రాజు మహారాష్ట్రలో మళ్లీ దాన్ని నిలబెట్టాలనుకున్నప్పుడు ఈ వాక్యం అడ్డొచ్చింది. దరఖాస్తుతో జతచేసే కాగితంలో ఒక్క మాట రాస్తే సరిపోయేది. చాలా పార్టీలు మారు ఆలోచన లేకుండా రాసేశాయి, నమ్మినా నమ్మకపోయినా. రాజు రాయనన్నారు. లౌకికవాదంతోనూ ప్రజాస్వామ్యంతోనూ ఆయనకు పేచీ లేదు. సోషలిజాన్ని కాదనడానికే పుట్టిన పార్టీ ఆ మాట కింద సంతకం ఎలా పెడుతుందని 1996లో బొంబాయి హైకోర్టుకు వెళ్లారు.