గడి: పూర్వచరిత్రము, వర్తమాన వినియోగము

తెలంగాణమున దొరల నివాసమునకు గడి యని వ్యవహారము. ఇది కోటకంటె చిన్నది, మేడకంటె పెద్దది. ఆంగ్లదేశమందలి పల్లెప్రభువుల భవనములతో దీనిని పోల్చుట కలదు. విశాలమైన ఆవరణము, చుట్టును సాగుభూములు, వానిపై వచ్చు రాబడి: ఇవి రెండింటికిని సమానములే. అయినను ఈ పోలిక యెంతవరకు నిలుచునో విచారింపవలసియున్నది.

సిరిసిల్లనుండి ఎల్లారెడ్డిపేట మీదుగా కామారెడ్డికి పోవు బాటకు దక్షిణమున దోమకొండ కలదు. ఇది నిజాము రాజ్యమందలి సంస్థానములలో నొకటి. ఇచ్చటి ప్రభువులు కామినేని వంశీయులు. షట్చక్రవర్తిచరిత్రము, శివధర్మోత్తరము రచించిన మల్లారెడ్డి యీ వంశమువాడే. రాతి ప్రాకారము, లోపల రాజభవనములు, కాకతీయ శిల్పరీతి గల మహాదేవాలయము నేటికిని నిలిచియున్నవి. కనుక గడి చరిత్రమున సాహిత్యపోషణ మొక భాగమనుట నిర్వివాదము.

రెండవ భాగము వెట్టి. నీరు మోయుట, కట్టెలు కొట్టుట, పల్లకి మోయుట మొదలగు పనులను కూలి లేకయే కులమువారీగా చేయించుకొనుట తెలంగాణపు గడులలో సామాన్యాచారము. ఆంగ్లభవనములలోని సేవకులకు జీతముండెను. పోలిక యిచ్చటనే తెగుచున్నది.

ఈ వ్యవస్థపై జనగామ ప్రాంతమున రేగిన పోరాటమునందు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. అయినను గడి యధికారము వెంటనే నశింపలేదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో 1978 సెప్టెంబరు 7నాటి జగిత్యాల జైత్రయాత్ర దానికి రెండవ దెబ్బ. అక్టోబరులో ప్రభుత్వ మీ తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పెక్కుమంది దొరలు పట్టణములకు తరలిరి, గడులు పాడువడెను.

దోమకొండ గడి మాత్రము వంశీయుల పూనికచే ఉద్ధరింపబడి, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో మెరిట్ పురస్కారము నందెను. ఇది శ్లాఘనీయము. కాని గోడను నిలుపుట చరిత్రమును నిలుపుటలో సగమే. ఆంగ్లదేశమున 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్టు, తన యధీనమందలి 93 స్థలములకు వలసపాలనతోను, బానిసవ్యాపారముతోను గల సంబంధమును 2020లో తానే ప్రకటించెను. ఈ విషయమున ఆ దేశపు భవనములు మన గడులకు మేలుబంతి కాదగును.

గడి ద్వారమునొద్ద ప్రభువుల వంశవృక్షమే కాక, వెట్టి చేసినవారి వృత్తాంతమును లిఖింపవలెను. అది వృద్ధుల నోట మాత్రమే నిలిచియున్నది. వారుండగనే దానిని సేకరించుట పరిశోధకుల విధి.