చలిసీమా? కరువుసీమా?

ఉద్యోగరీత్యా తెనాలిలో ఉన్న నాలుగేళ్ళూ తోటివాళ్ళు నన్ను ఒకే మాటతో పలకరించేవారు. "మీకేమండీ, బెంగళూరు పక్కన పుట్టారు. నంది కొండ గాలి పీల్చి పెరిగారు. ఎండంటే ఏమిటో మీకేం తెలుసు?" తరువాత బెంగళూరుకు బదిలీ అయింది. అక్కడ సమావేశాల్లో గుడిబండ, బాగేపల్లి శాఖల పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు "ఓ, ఆ కరువు శాఖలా" అనేవారు. ఊరు మాత్రం ఒకటే, మా సోమేనహళ్ళి. కోస్తావాళ్ళకు అది చలిసీమ, బెంగళూరువాళ్ళకు కరువుసీమ. నేను బి.కాం. చదివినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. అయినా ఒకే ఖాతాకు రెండు నిల్వలు కనబడితే పాత పద్దులు తిరగెయ్యడం మా వృత్తిలో అలవాటు. అలా తిరగేసినప్పుడు కనబడినవే ఈ నాలుగు మాటలు.

చలి పేరు నంది కొండ తెచ్చిపెట్టింది. దాని ఎత్తు 1478 మీటర్లు. టిప్పు సుల్తాను వేసవి విడిది అక్కడే. 1791 అక్టోబరు 19న కారన్‌వాలిస్ సేన ఆ దుర్గాన్ని పట్టుకున్న తరువాత తెల్లదొరల కన్ను దానిమీద పడింది. మైసూరు కమిషనరు మార్క్ కబ్బన్ దొర ఎండాకాలమంతా ఆ కొండమీదే గడిపేవాడు. 1927లో జబ్బుపడిన గాంధీజీని విశ్రాంతి కోసం తీసుకువచ్చిందీ అక్కడికే, 1936లో ఆయన మళ్ళీ వచ్చారు. ఇంతమంది గొప్పవాళ్ళు మెచ్చుకున్న గాలి ఊరూరా పాకిపోయింది. అయితే వీళ్ళంతా కొండమీద ఉన్నవాళ్ళు. కొండ దిగి ఉత్తరంగా యాభై కిలోమీటర్లు వస్తే బాగేపల్లి, ఎత్తు సుమారు ఏడు వందల మీటర్లు. చైత్ర వైశాఖాల్లో అక్కడ మిట్టమధ్యాహ్నం బస్సు దిగినవాడికి కబ్బన్ దొర గుర్తుకు రాడు.

కరువు పేరు వెనక మాత్రం కన్నీళ్ళున్నాయి. మా అవ్వ ఎవరైనా పళ్ళెంలో సంగటి మిగిలిస్తే "ధాత కరువు చూసుంటే తెలిసేది" అని కసిరేది. ఆమె చూసింది కాదు, ఆమె అవ్వ చెప్పింది. ధాత సంవత్సరం అంటే 1876. అంతకు ముందు ఏడే మైసూరు సీమలో వానలు తక్కువ. ధాతలో పూర్తిగా ఎగబెట్టాయి. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో 50,55,412 మంది ఉండగా, 1881 లెక్కల్లో 41,86,188 మందే తేలారు. పదేళ్ళలో పెరగవలసిన జనం పెరగకపోగా, దగ్గర దగ్గర ఎనిమిది లక్షల డెబ్బై వేలు తగ్గారు. బెంగళూరు మైసూరు రైలుదారి పని కరువు కూలీల చేతుల మీదుగానే సాగింది. మనం ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ పోతుంటాం.

ఈ రెండు పేర్లకూ ముందు ఇంకొక పద్దు ఉంది. టిప్పు పతనమైన మరుసటి ఏడు, 1800లో, ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర ఈ సీమంతా తిరిగి, చూసినదల్లా రాసుకుంటూ పోయాడు. చిక్కబళ్ళాపురంలో అతని కంటబడింది చెరకు. ఆ ఊళ్ళో చేసే తెల్లని పంచదార, కలకండ చీనా సరుకుతో సమానమని మెచ్చుకున్నాడు. చెరకు నీళ్ళు తాగే పైరని రైతుకు చెప్పనక్కర లేదు. మరి కరువుసీమలో చెరకెలా పండింది?

చెరువుల వల్ల. నంది కొండల చుట్టుపట్ల పినాకిని, పాలారు, చిత్రావతి, పాపఘ్ని, అర్కావతి పుడతాయి. పుట్టినవి పుట్టినట్టే తలా ఒక దిక్కుకు వెళ్ళిపోతాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. అందుకని పాతకాలపువాళ్ళు ప్రతి వంక మీదా ఒక చెరువు, దాని కింద మరొకటి, గొలుసులాగా కట్టుకుంటూ పోయారు. గుడిబండ దగ్గర పాలెగాడు బైరేగౌడ కట్టించాడని చెప్పుకునే అమాని బైరసాగరం చూడండి. ఆ పక్క కొండమీది కోటలో రాతి దొనలు చూడండి. పడ్డ చినుకును పోనివ్వకూడదన్న పట్టుదల కనిపిస్తుంది. వాన రాదనుకున్నవాడు అంత కట్ట పొయ్యడు. ఎప్పుడో వస్తుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది అని తెలిసినవాడే పోస్తాడు.

1892లో మద్రాసు ప్రభుత్వానికీ మైసూరుకూ ఒప్పందం జరిగింది. జాబితాలో చేర్చిన నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదు. ఆ జాబితాలో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు అన్నీ ఉన్నాయి. ఇది అన్యాయమని మనవాళ్ళలో కొందరు ఆవేశపడతారు. నేను పడలేను. ఆ నీళ్ళు దిగే అనంతపురం, కడప రైతులూ ధాత కరువు తిన్నవాళ్ళే, సగం మంది మనకు వియ్యాలవారే. ఏమైనా కొత్త ఆనకట్టల ఆశ తగ్గిన సీమకు పాత చెరువులే గతి. వాటినే మనం పూడిపోనిచ్చాం.

మా వాన సంగతి తెలియాలంటే కార్తెలు తెలియాలి. జూన్ మొదట్లో ఋతుపవనాలు కేరళను తాకాయని వార్తల్లో చెబుతారు. ఆ మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దింపేసుకుంటాయి. మలెనాడు తడుస్తుంది, మాకు గాలి మిగులుతుంది. ఆషాఢంలో మా వైపు దుమ్ము లేస్తుందే గాని వాన అంతంత మాత్రం. మా అసలు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో, సాయంత్రం ఉరుములతో దిగుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత అందరికీ తెలిసిందే. ఉత్తరలోనూ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని దాని అర్థం. మా చిన్నాయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "గంపంటే ఉలవల గంప రా. రాగి పొయ్యిందనుకో, ఉత్తర పదును చూసి ఉలవలు చల్లుకోమని చెప్పినారు పెద్దలు" అనేవాడు. ఈ అర్థం పుస్తకాల్లో దొరుకుతుందని నేను హామీ ఇవ్వను. ఆయన బతికినన్నాళ్ళూ అలాగే చల్లాడు, సోమేనహళ్ళి విడిచిపోలేదు.

నేను శాఖాధికారిగా ఉన్న రోజుల్లో బోరుబావి అప్పుకు అచ్చువేసిన ఫారం ఉండేది. పాత బావి పూడిక తీయించుకుంటాను, చెరువు మట్టి చేనికి తోలుకుంటాను అని వచ్చినవాడికి ఏ ఫారమూ ఉండేది కాదు. ఒక రైతుకు మూడు బోర్లు పోయాయి. మూడవది ఎనిమిది వందల అడుగులు, దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. "కరువు నేల సారూ, ఇంకేం చేస్తాం" అన్నాడు. నేనూ తల ఊపాను. ఆ కాగితాల మీద సంతకం నాది. కరువు నేల అన్న ఆ ఒక్క మాట మా ఇద్దరినీ ఎంత తేలికగా ఒడ్డున పడేసిందో అప్పుడు తోచలేదు. ఆయన ఊరి చెరువు తూము అప్పటికి పదేళ్ళుగా విరిగి ఉంది. అది అడగాలని నాకు గాని, చెప్పాలని ఆయనకు గాని తట్టలేదు. ఆ తరువాత ఆ కుటుంబం యలహంకకు గంప ఎత్తింది. నీళ్ళు పడ్డ బోర్లైనా సుఖపెట్టాయా? లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు వచ్చింది. బాగేపల్లి, గుడిబండ పల్లెల్లో పిల్లల పళ్ళమీది పచ్చమరకలు చూసినవాళ్ళకు చెప్పనవసరం లేదు.

2021 నవంబరు వానలు మన కళ్ళముందటివే. మా జిల్లాలో ఏళ్ళ తరబడి ఎండిన చెరువులు కోడి పడ్డాయి (తెలంగాణలో అలుగు, అనంతపురంలో మరవ అనేదాన్ని మేము కన్నడం మాటతో కోడి అంటాం). మా కొండల్లో పుట్టిన చిత్రావతే అనంతపురం జిల్లాలో పదిమందిని నడి ఏట్లో నిలబెట్టేసింది, వాళ్ళను వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడింది. పాపఘ్ని కమలాపురం దగ్గర వంతెననే కూల్చింది. పడమటి కనుమల నుంచి ఎత్తినహొళె నీళ్ళు తెస్తామని 2014లో చిక్కబళ్ళాపురంలో శంకుస్థాపన చేశారు, 2024 సెప్టెంబరులో తొలిదశ ప్రారంభించారు. రానివ్వండి, వద్దనను. ఆ నవంబరులో మా కోడిమీదుగా పొర్లిపోయిన నీటికి మాత్రం ఎవరూ శంకుస్థాపన చెయ్యలేదు.

ఆ వారమే తెనాలి మిత్రుడొకాయన ఫోను చేశాడు. "మీది చలి ప్రాంతం కదండీ, మళ్ళీ కరువు ప్రాంతమన్నారు, ఇప్పుడీ వరదలేమిటి?" అని. వచ్చి చూడమన్నాను. సంక్రాంతి దాటగానే మందపాటి స్వెట్టరుతో దిగాడు. తెల్లవారి సోమేనహళ్ళి మంచులో అది పనికొచ్చింది. ఆ మంచు పడితేనే అనపకాయకు వాసన పడుతుంది. పదకొండింటికి బాగేపల్లి చేరేసరికి స్వెట్టరు మడిచి సంచిలో పెట్టాడు. మధ్యాహ్నం మా ఇంట్లో సంగటీ, పితికిపప్పు కూరా తింటూ "ఇంతకూ మీది ఏ సీమండీ?" అన్నాడు. మా ఆవిడ ఇంకొంచెం కూర వడ్డించింది.