హాజరుపట్టీ నుండి మొబైలు ఫోను వరకు

కూలి యిచ్చువానికి కూలి చేయువాని కాలముపై కొంత హక్కు కలదు. ఈ మాటను కాదనువారు లేరు. ఆ హక్కు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియవలెననుటయందే వివాదము. కర్మాగారపు గేటే దానికి ఎల్లగా నున్నంతకాలము ఈ ప్రశ్నకు సమాధానము సులభముగనే దొరికెను. నేడు ఉద్యోగి జేబులోని మొబైలు ఫోను ద్వారా అతడు ఏ వేళ ఏ చోట నున్నాడో యజమాని తెలిసికొనగలుగుచున్నాడు. అందువలన పాత ప్రశ్న మరల తలయెత్తినది.

దీనిని విచారించుటకు భిలాయి తగిన తావు. భారత ప్రభుత్వము సోవియట్ యూనియనుతో 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక చేసికొనగా, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. అప్పుడు మధ్యప్రదేశములోనుండి, 2000వ సంవత్సరమున ఛత్తీస్‌గఢ్‌లో చేరిన ఈ పట్టణమునకు దేశము నలుమూలలనుండి పనివారు వచ్చిరి. పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువారును వారిలో కలరు. అట్టి శ్రామిక కుటుంబములు స్థిరపడిన తావులలో క్యాంప్ 1 ఒకటి.

ఉక్కు కర్మాగారపు కొలిమి రేయింబవళ్లు మండవలెను. ఒక షిఫ్టువారు దిగునప్పటికి మరియొక షిఫ్టువారు వచ్చి నిలువవలెను. రావలసినవాడు రానియెడల, అంతవరకు పనిచేసినవాడు ఇంటికి పోజాలడు. కాబట్టి ఇట్టిచోట హాజరు తీసికొనుట యజమాని పెత్తనము మాత్రమే కాదు, తోటివాని విశ్రాంతికి కాపుదల కూడ. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము, వయోజన కార్మికునిచే సామాన్యముగ వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదనియు, మించిన గంటలకు రెట్టింపు వేతనము చెల్లింపవలెననియు, కార్మికుల పట్టీ నుంచవలెననియు విధించెను. అనగా మస్టరు యజమానికెంత సాధనమో పనివానికంత సాక్ష్యము.

కర్మాగారము లోపల దీనికి మరియొక ప్రయోజనమును కలదు. భిలాయిలో 2014 జూన్ 12వ తేదీన విషవాయువు వెలువడి ఆరుగురు మరణించిరి. 2018 అక్టోబరు 9వ తేదీన గ్యాసు గొట్టము వద్ద జరిగిన ప్రమాదమున పలువురు ప్రాణములు కోల్పోయిరి. అట్టి ఆపద్వేళ ఎవ రెచ్చట నున్నారో తెలిసియుండుట ప్రాణరక్షణకు తోడ్పడును. కాని గేటు దాటి క్యాంప్ 1 లోని తన ఇంటికి చేరినవాడు మస్టరునకు లోబడినవాడు కాడు. అతడు సంతకు పోయినను, చుట్టములను చూడబోయినను, కార్మికసంఘపు సభకు పోయినను అది అతని సొంత వ్యవహారము.

హాజరు ఇంటివరకు వచ్చినచో ఏమగునో తెలుగునాటి చరిత్రయే చెప్పగలదు. ఆంగ్లేయ ప్రభుత్వము 1911లో చేసిన నేరస్థజాతుల చట్టము క్రింద, నేడు బాపట్ల జిల్లాలోనున్న స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములను నివసింపజేసి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించిరి. పుట్టుకయే నేరమని ఎంచబడిన ఆ జనులు పిలిచినప్పుడు హాజరు పలుకవలసియుండెను. ఊరు దాటుటకు అనుమతిచీటీ కావలసియుండెను. వారిలో పలువురు చీరాల పొగాకు కర్మాగారమున కూలికి కుదిరిరి. ఇట్లు పనిచోటనేగాక ఇంటికడను వారిపై కావలి యుండెను. దేశమంతట ఈ చట్టము 1952లో రద్దయ్యెను. నేటి ఉద్యోగి స్థితి అట్టిది కాదు, నిజమే. కాని అనుక్షణము ఉనికిని తెలుపవలసివచ్చుట మనుష్యుని అనుమానితుని జేయునను సత్యము నాటికిని నేటికిని ఒక్కటియే.

ఈ సత్యమును న్యాయస్థానమున నిలబెట్టినవారిలో ఒక తెలుగుబిడ్డ కలరు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావు గారే వారు. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యము సుప్రీంకోర్టున తీర్పునకు వచ్చెను. సాక్ష్యము లేక విడువబడిన ఒక వ్యక్తి ఇంటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తట్టుటయు, అతని రాకపోకలను కనిపెట్టియుండుటయు న్యాయమా అనునది విషయము. అధిక సంఖ్యాక న్యాయమూర్తులు రాత్రి రాకలను మాత్రమే కొట్టివేసిరి. సుబ్బారావు గారు, జస్టిస్ షా గారితో కూడి, కాలికి సంకెల లేకున్నను నిరంతరము కావలిలోనున్నవాడు స్వేచ్ఛగా తిరుగువాడు కాడని భిన్నాభిప్రాయము ప్రకటించిరి. 55 ఏండ్ల తరువాత, 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి వ్యాజ్యమున తీర్పు చెప్పి, సుబ్బారావు గారి పక్షమునే నిలిపినది.

ఇంతలో హాజరు విధానము మారెను. 2014లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో ఆధారుతో ముడివడిన వేలిముద్ర హాజరు ప్రవేశించెను. 2021లో ఉపాధి హామీ పనులయొద్ద ఫోనుతో ఛాయాచిత్రములు తీయు యాప్ వచ్చెను. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులను సొంత ఫోనులలో యాప్ నుంచుకొని ముఖచిత్రముతో హాజరు వేయుమనగా, వారి సంఘములు అభ్యంతరము తెలిపినవి. గోడకు తగిలించిన వేలిముద్రయంత్రము సాయంకాలమున గోడమీదనే యుండును. జేబులోని ఫోను ఇంటికి వచ్చును. అసలు భేద మిదియే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2015లో ఒక ఉద్యోగిని, పనివేళలు దాటినను తన ఉనికిని తెలుపు యాప్‌ను ఫోనునుండి తొలగించినందులకు తన్ను పనినుండి తీసివేసిరని దావా వేసినది.

యజమానుల వాదమును త్రోసివేయరాదు. ప్రజాధనముతో జీతము పొందువారు పనిచోట నుండవలెను. వాహనములు నడుపువారి జాడ తెలియుటయు అవసరమే. కాని 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఉద్యోగ నిర్వహణకై కొంత సమాచారమును సమ్మతి లేకుండగనే వినియోగించుటకు చోటిచ్చినది. పైగా జీతమిచ్చువాడు అడిగినపుడు క్రిందివాడు పలుకు 'సరే' అను మాట ఎంత స్వేచ్ఛతో కూడినదో ఎల్లరకు తెలిసినదే. కావున పనిచోటనే కొన్ని కట్టుబాట్లు ఏర్పడవలెను. జాడ తెలుపు సాధనమును కార్యాలయమే యీయవలెను. అది పనివేళలకును పనిస్థలమునకును మాత్రమే పరిమితము కావలెను. అందలి లెక్కను ఉద్యోగియు చూడగలుగవలెను. షిఫ్టు ముగియగనే అది ఆగిపోవలెను.

తొలితరము శ్రామికులకు గేటు ఒక హద్దును చూపినది. గేటు లోపలి కాలము సంస్థది, వెలుపలి కాలము వారిది. ఆ హద్దును జేబులోని యంత్రము చెరిపివేయుచున్నచో, దానిని నియమముతో తిరిగి గీయుట ఈ తరమువారి పని.